జీతం ఎంత అని కాదు, బేసిక్ ఎంత అని అడగండి

క్రిస్మస్ సెలవులు అయిపోయాయంటే చాలు, ఇక్కడి మన తెలుగిళ్ళలో టీచరు ఉద్యోగాల కబుర్లు మొదలవుతాయి. ఇండియన్ స్కూళ్ళు ఏప్రిల్లో తెరుస్తారు కాబట్టి జనవరి నుంచి మార్చి దాకా వాళ్ళకి టీచర్ల వేట. బ్రిటిష్ సిలబస్ స్కూళ్ళు ఆగస్టు చివర తెరుస్తారు కాబట్టి వాళ్ళ వెతుకులాట వేసవి దాకా సాగుతుంది. సంక్రాంతి ముగ్గుల పోటీలో కలిసినా, ఉగాది పచ్చడి గిన్నె చేతిలో పట్టుకుని నిలబడినా నన్ను అడిగేది ఒకటే: "అక్కా, ఇంగ్లీషు ఎం.ఏ. చేశాను, బీఈడీ ఉంది. ఇక్కడ ఉద్యోగం దొరుకుతుందా?"

కాగితాలు సరిగ్గా ఉండి, ఓపిగ్గా తిరిగితే దొరుకుతుందమ్మా. కానీ దాని తరవాత అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. అది మాత్రం ఎవరూ అడగరు. "దొరికిన ఉద్యోగాన్ని ఎలా మాట్లాడుకోవాలి?"

మీనా బజారులో చీర దగ్గర అయిదు దిర్హాంల కోసం అరగంట బేరమాడే మనం, అయిదేళ్ళ కష్టానికి ధర కట్టే కాగితం మీద అర నిమిషంలో సంతకం పెట్టేస్తాం. ఇక్కడి స్కూళ్ళలో చాలా ఏళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఆ తరవాత కొత్త టీచర్లని ఇంటర్వ్యూ చేసేటప్పుడు బల్లకి అవతలి వైపూ కూర్చున్నాను. రెండు వైపులా చూసిన దాన్ని కాబట్టి ఈసారి ఈ శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ముందు కాగితాలు, తరవాతే కబుర్లు

యూఏఈలో ప్రైవేటు స్కూలు తనకి నచ్చినంత మాత్రాన ఎవరినీ టీచరుగా పెట్టుకోలేదు. దుబాయిలో కేహెచ్‌డీఏ, అబుదాబిలో అడెక్, షార్జాలో స్పియా అనే ప్రభుత్వ సంస్థలు స్కూళ్ళ మీద అజమాయిషీ చేస్తాయి. టీచర్ల అర్హతలు వాళ్ళ నిబంధనలకి సరిపోవాలి. అందుకే స్కూలు వాళ్ళు మొదట అడిగేది మీ డిగ్రీ అటెస్టేషన్ అయిందా అని.

అటెస్టేషన్ అంటే ఒకే ముద్ర అనుకునేరు. అది మెట్ల వరస. మొదట మన రాష్ట్రంలో డిగ్రీ నిజమైనదేనని ధ్రువీకరణ, తరవాత భారత విదేశాంగ శాఖ ముద్ర, ఆ పైన యూఏఈ రాయబార కార్యాలయం ముద్ర, చివరికి ఇక్కడికి వచ్చాక ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర. ఏ మెట్టు దగ్గర ఆగినా వెనక్కి ఇండియా పంపాల్సిందే. వేసవి సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు మామిడిపళ్ళ పెట్టెతో పాటు ఈ పని కూడా పూర్తి చేసుకుని రండి. ఒమన్, బహ్రెయిన్, సౌదీ వెళ్ళేవాళ్ళకి దారి కొంచెం వేరు. ఆ దేశాలు అపోస్టిల్ ఒప్పందంలో చేరాయి. ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013లో, సౌదీ 2022లో. ఇండియా 2005 నుంచీ ఉంది.

ఇక మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా వచ్చే చిక్కు పేరు. పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం. డిగ్రీలో ఇంటిపేరు పూర్తిగా, అదీ పేరుకి ముందు. పాస్‌పోర్టులో పేరుకి వెనకాల. పెళ్ళయ్యాక అత్తవారి ఇంటిపేరు. మనకి ఆ నలుగురూ ఒక్కరేనని తెలుసు, కౌంటరులో కూర్చున్న ఆయనకి ఎలా తెలుస్తుంది? అటెస్టేషన్‌కి ఇచ్చే ముందే పాస్‌పోర్టుకీ సర్టిఫికెట్లకీ మధ్య తేడా ఉంటే దానికి కావలసిన అఫిడవిట్ చేయించుకోండి. ఇంకో మాట. పాస్‌పోర్టులో ఒకే ఒక్క పదం పేరుగా ఉన్నవాళ్ళని 2022 నవంబరు నుంచి విజిట్ వీసా మీద యూఏఈలోకి రానివ్వడం లేదు. అమ్మనో అత్తగారినో తీసుకురావాలనుకున్నా ఇది చూసుకోండి.

"మాకు నేటివ్ స్పీకరు కావాలి"

ఈ మాట విని ఇంటికొచ్చి ఏడ్చిన వాళ్ళని చూశాను. ఎం.ఏ.లో మంచి మార్కులు, పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని పక్కన పెట్టి, పాస్‌పోర్టు రంగు చూసి ఉద్యోగం ఇచ్చే చోట్లు ఉన్న మాట నిజం. కొన్ని దేశాల్లో అది చట్టంలోనే ఉంది. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు బోధనకి ఇచ్చే ఈ-2 వీసా ఏడు దేశాల వాళ్ళకే అని రాసుకున్నారు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, ఐర్లండ్, దక్షిణాఫ్రికా. భారత్‌తో కొరియా చేసుకున్న ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చాక టీచరు అర్హత ఉన్న మనవాళ్ళకి అక్కడి స్కూళ్ళలో సహాయ ఉపాధ్యాయులుగా ఒక సన్నని దారి తెరుచుకుంది. అంటే గోడ ఉంది, అందులో తలుపులూ ఉన్నాయి.

ఇంగ్లీషు బోధించేవాళ్ళలోనే ఈ గోడని తప్పుపట్టిన పెద్దలున్నారు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాడే ఉత్తమ గురువు అనుకోవడం ఒక భ్రమ అని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో పుస్తకమే రాశారు. ఇంగ్లీషు ఉపాధ్యాయుల అంతర్జాతీయ సంఘం టెసోల్ ఇలాంటి వివక్షకి వ్యతిరేకంగా 2006లో ప్రకటన చేసింది. ఇంటర్వ్యూలో ఇవన్నీ అప్పచెప్పమని కాదు. మీ మనసులో ఉంచుకుంటే మీ వెన్ను నిటారుగా ఉంటుంది, అంతే.

ఇంటర్వ్యూలో చెప్పాల్సింది వేరే ఉంది. ఇంగ్లీషుని మనం నేర్చుకుని వచ్చాం. కాబట్టి పిల్లవాడు ఎక్కడ తడబడతాడో మనకి తెలుసు. తెలుగు అజంత భాష. మాట చివర అచ్చు లేకపోతే మన నోరు ఊరుకోదు. అందుకే బస్ బస్సు అయింది, రోడ్ రోడ్డు అయింది. మన పిల్లలు ఎగ్ అనమంటే యెగ్ అంటారు, ఓన్లీ అనమంటే వోన్లీ అంటారు. అరబ్బీలో ప అనే ధ్వని లేదు. అందుకని అరబ్ పిల్లలు పెన్ను బెన్ను అంటారు. ఈ తడబాటు ఎందుకు వస్తోందో, ఎలా సరిదిద్దాలో చెప్పగలిగిన టీచరు విలువ ప్రిన్సిపాలుకి తెలుసు. ఇక్కడి క్లాసులో ఆరేడు దేశాల పిల్లలుంటారు మరి.

పెద్దవాళ్ళకి చెప్పే ఇన్‌స్టిట్యూట్లు, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ సెంటర్లు మీ లక్ష్యమైతే సెల్టా అనే కేంబ్రిడ్జ్ సర్టిఫికెట్ పనికొస్తుంది. సుమారు 120 గంటల కోర్సు, అందులో 6 గంటలు నిజమైన విద్యార్థులకి పాఠం చెప్పి చూపించాలి. స్కూల్లో చెప్పాలంటే మాత్రం బీఈడీయే మన బలం. ఇంకా చదువుకోవాలంటే మన హైదరాబాదులోనే ఇఫ్లూ ఉంది. 1958లో ఇంగ్లీషు బోధన కోసమే పెట్టిన సంస్థ అది. సీఫెల్‌గా పేరు తెచ్చుకుని, 2007 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయంగా నడుస్తోంది. ఇంగ్లీషు ఎలా బోధించాలో నేర్చుకోవడానికి లండనే వెళ్ళనక్కర్లేదు.

డెమో క్లాసులో ఏం చూస్తారంటే

మనవాళ్ళు ఎక్కువగా జారిపోయేది ఇక్కడే. డెమో అనగానే బోర్డు నిండా గ్రామర్ రాసి, ఇరవై నిమిషాలూ వాళ్ళే మాట్లాడేస్తారు. అవతల కూర్చున్నవాళ్ళు చూసేది మీకెంత వచ్చని కాదు, పిల్లలచేత ఎంత మాట్లాడించారని. ఒక చిన్న పాయింటు తీసుకోండి. నిన్న జరిగిన పనికీ, ఇప్పుడే అయిపోయిన పనికీ ఇంగ్లీషులో క్రియ ఎలా మారుతుందో చెప్పాలనుకోండి. సూత్రం రాయకండి. ఒక పిల్లవాడిని కిటికీ మూయమనండి. అతను మూశాక "ఇప్పుడేం చేశాడు?" అని అడగండి. మరో పాపని నిన్న రాత్రి ఏం తిన్నదో అడగండి. వాళ్ళ జవాబుల్లోంచి తేడా బయటికి రావాలి. చివర మూడు నిమిషాలు నేర్చుకున్నది సరిచూడటానికి ఉంచుకోండి. ఇది చేసిన అమ్మాయి ఉచ్చారణలో కాస్త గోదావరి యాస ఉన్నా ఎవరూ పట్టించుకోరు. పట్టించుకోలేదు కూడా, నేను చూశాను.

అసలు సంగతి: ఆఫర్ లెటర్

ఒక చెల్లెలి సంగతి చెబుతాను. విజయనగరం వైపు అమ్మాయి. ఎం.ఏ., బీఈడీ, అక్కడ ఆరేళ్ళ అనుభవం. భర్త వీసా మీద ఇక్కడికొచ్చి రెండేళ్ళు ఇంట్లో ఉంది. బాబు రెండో తరగతి. ఒక స్కూల్లో డెమో బాగా చెప్పింది. నెలకి 4,500 దిర్హాంలు అన్నారు. ఆయనగారు, "ఇంట్లో ఊరికే ఉండే బదులు ఎంతో కొంత వస్తుంది కదా, ఒప్పేసుకో" అన్నారట. మంచి మనిషే. కానీ "ఎంతో కొంత" అనే ఆ మాట దగ్గరే మన ఆడపిల్లల అనుభవం, చదువు సగం ధరకి పోతున్నాయి. రేపు ఇంకో స్కూలుకి వెళ్తే వాళ్ళు మొదట అడిగేది పాత జీతం ఎంత అనే. ఇవాళ తగ్గించుకున్నది మన వెనకాలే నడిచొస్తుంది.

ఆ అమ్మాయి సంతకం పెట్టకుండా కాగితం పట్టుకుని నా దగ్గరికొచ్చింది. 4,500లో బేసిక్ 1,800 మాత్రమే. మిగతా 2,700 ఇంటి అలవెన్సు, రవాణా, ఇతరత్రా అని విడగొట్టారు. చేతికొచ్చేది ఎలాగూ 4,500 కదా, విడగొడితే ఏం అంటారా? అక్కడే ఉంది కిటుకు.

ఉద్యోగం మానేసేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్క కడతారు. యూఏఈ కార్మిక చట్టం ప్రకారం కనీసం ఏడాది పనిచేస్తే, మొదటి అయిదేళ్ళకి ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆ తరవాత ఏడాదికి 30 రోజుల బేసిక్ ఇవ్వాలి. అంటే అయిదేళ్ళకి 105 రోజులు, మూడున్నర నెలల బేసిక్. 1,800 చొప్పున 6,300 దిర్హాంలు. అదే బేసిక్ 2,700 అయితే 9,450. పదేళ్ళు పనిచేస్తే ఎనిమిదిన్నర నెలల బేసిక్. 1,800 మీద 15,300. 2,700 మీద 22,950. వాడుకోని సెలవులకి ఇచ్చే డబ్బు కూడా బేసిక్ మీదే కడతారు. మొత్తం జీతం మారదు, స్కూలుకి నెలనెలా ఒక్క దిర్హాం ఎక్కువ కాదు. కాబట్టి అడగడానికి అన్నిటికంటే తేలికైన కోరిక ఇదే. అయినా అడిగేవాళ్ళు లేరు.

ఇంకో సంగతి ఈ తరం వాళ్ళు తెలుసుకోవాలి. 1980 నాటి పాత చట్టంలో అయిదేళ్ళు నిండకుండా తామే రాజీనామా చేసినవాళ్ళకి గ్రాట్యుటీలో కోత ఉండేది. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో ఆ కోత లేదు. ఉద్యోగం ముగిసిన 14 రోజుల్లో రావాల్సినవన్నీ ఇచ్చెయ్యాలి. పాత రోజుల్లో విన్న కబుర్లు పట్టుకుని "రిజైన్ చేస్తే ఏమీ రాదటగా" అని వదులుకోకండి.

ఆ చెల్లెలు మర్నాడు వెళ్ళి మాట్లాడింది. హెచ్ఆర్ ఆయన ఎప్పటిలాగే, "మేడం, మీ వారి వీసా మీదే ఉన్నారు, ఇల్లు కూడా ఉంది కదా" అన్నారట. ఈ మాట మీలో చాలామంది వినే ఉంటారు. మనం దాన్ని మన లోటుగా తీసుకుంటాం. ఆ అమ్మాయి నవ్వుతూ, "నిజమేనండీ. అందుకే నా వీసా ఖర్చు, విమానం టికెట్టు, వచ్చిన కొత్తలో బస ఇవేవీ మీకు లేవు. ఇండియా నుంచి ఒకరిని తెప్పించుకుంటే పెట్టాల్సినదంతా మిగిలింది. అందులో కొంత నా బేసిక్‌లో కనబడనివ్వండి" అంది. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా. గొంతు పెంచలేదు, బతిమాలలేదు.

తను అడిగినవి మూడు. బేసిక్ 2,700 చెయ్యమంది. బాబు ఫీజులో రాయితీ కాగితం మీద రాయమంది. వారానికి పీరియడ్లు తగ్గించమంది. బేసిక్ 2,400 చేశారు. ఫీజు సగానికి తగ్గిస్తామని, అది చేరిన రోజు నుంచే అని రాసిచ్చారు. పీరియడ్లు మాత్రం తగ్గించలేదు. మూడింట్లో ఒకటి పూర్తిగా, ఒకటి కొంత, ఒకటి లేదు. బేరం అంటే ఇదే. అడగందే అమ్మైనా అన్నం పెట్టదు. అడిగినందుకు ఆఫరు వెనక్కి తీసుకుంటారేమో అని భయపడతారు కానీ, డెమో చూసి నచ్చి పిలిచినవాళ్ళు మర్యాదగా అడిగిన ప్రశ్నకి తలుపు మూసెయ్యడం నేనైతే చూడలేదు.

సంతకానికి ముందు అడగాల్సినవి

ఆఫరు ఇవ్వగానే "చదువుకుని రేపు చెబుతానండీ" అనండి. ఆ ఒక్క రోజులో ఇవి చూసుకోండి.

జూలై, ఆగస్టు నెలల జీతం వస్తుందా? చేరిన మొదటి ఏడాది కూడా వస్తుందా? పిల్లల ఫీజు రాయితీ ఎంతమందికి, బస్సు ఫీజుకి కూడానా? మాట మీద ఇచ్చిన రాయితీ ప్రిన్సిపాల్ మారితే మారిపోతుంది. ఆరోగ్య బీమా ఎవరిది, మీదేనా పిల్లలకి కూడానా? వారానికి ఎన్ని పీరియడ్లు, క్లాస్ టీచరు బాధ్యత ఉందా, బస్సు డ్యూటీ ఉందా?

ఇంగ్లీషు టీచరుకి పీరియడ్ల కంటే పుస్తకాల బరువు ఎక్కువ. నాలుగు సెక్షన్లు, సెక్షనుకి 30 మంది అనుకుంటే 120 పుస్తకాలు. ఒక్కో వ్యాసం దిద్దడానికి మూడే నిమిషాలు పెట్టినా ఆరు గంటలు. ఆ ఆరు గంటలు స్కూల్లో దొరుకుతాయా, లేక మీ పిల్లలు పడుకున్నాక వంటింటి బల్ల మీదా? ఈ లెక్క ఇంటర్వ్యూలోనే అడిగితే మీరు అనుభవం ఉన్న టీచరని వాళ్ళకీ అర్థమవుతుంది.

చట్టం మీకు ఇచ్చినవి కొన్ని ఉన్నాయి. వాటికి బేరం అక్కర్లేదు. ప్రొబేషన్ ఆరు నెలలకి మించకూడదు. ఆ సమయంలో తీసెయ్యాలన్నా 14 రోజుల ముందు రాతపూర్వకంగా చెప్పాలి. మీరే ఇక్కడ ఇంకో చోటికి మారాలంటే నెల ముందు చెప్పాలి. ప్రొబేషన్ తరవాత నోటీసు 30 నుంచి 90 రోజుల మధ్య ఉండాలి. ఆఫర్ లెటర్లో రాసిన దానికంటే తక్కువ షరతులతో కాంట్రాక్టు మీద సంతకం పెట్టించకూడదు. మీ పాస్‌పోర్టుగానీ సర్టిఫికెట్లుగానీ స్కూలు తన దగ్గర ఉంచుకోకూడదు. "అందరివీ ఆఫీసులోనే ఉంటాయి మేడం" అంటే, "కాపీ ఇస్తానండీ, అసలు నా దగ్గరే ఉండనివ్వండి" అనండి. జీతం బ్యాంకు ద్వారా, 2009లో మొదలైన డబ్ల్యూపీఎస్ పద్ధతిలోనే రావాలి. భర్త వీసా మీద ఉన్నా స్కూలు మీ పేరున కార్మిక శాఖ వర్క్ పర్మిట్ తియ్యాలి. "ముందు చేరండి, పర్మిట్ తరవాత చూద్దాం" అంటే చేరకండి.

ఊరి నుంచి రావాలనుకునే వాళ్ళకి

మీ చెల్లెలో, మరదలో అక్కడి నుంచి రావాలనుకుంటోందా? ఈ పేజీ ఫొటో తీసి పంపండి. ఊళ్ళో ఏజెంటు "దుబాయి స్కూల్లో టీచరు పోస్టు, లక్షన్నర కట్టండి" అంటే అక్కడే ఆగాలి. ఉద్యోగంలోకి తీసుకున్నందుకు పనివాళ్ళ దగ్గర నేరుగాగానీ, చుట్టుతిప్పిగానీ ఏ ఖర్చూ వసూలు చెయ్యకూడదని ఇక్కడి చట్టంలో యజమానికి స్పష్టంగా చెప్పారు. ఇండియాలో 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్టరైన ఏజెంటుకి కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతవరకే పరిమితి పెట్టారు. ఏజెంటు రిజిస్టరైనవాడో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్లో చూసుకోవచ్చు. విజిట్ వీసా మీద వచ్చి ఉద్యోగం వెతుక్కోవచ్చు గానీ, దాని మీద పాఠం చెప్పడం చట్టవిరుద్ధం. "రెండు నెలలు విజిట్ మీద చెప్పండి, తరవాత మారుస్తాం" అన్నమాట నమ్మి గోదావరి జిల్లాల నుంచి వచ్చి, రెండు నెలల జీతం చేతికి రాకుండా వెనక్కి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఇబ్బంది వస్తే దుబాయిలో భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉందని గుర్తుంచుకోండి.

స్కూలు వద్దు, ట్యూషన్ చాలు అనుకుంటే

చిన్న పిల్లలున్న తల్లులు చాలామంది ఇంట్లోనే ట్యూషన్లు చెబుతారు. ఇదివరకు అది భయం భయంగా చేసే పని. 2023 డిసెంబరులో ప్రైవేటు టీచరు వర్క్ పర్మిట్ అని తెచ్చారు. స్కూల్లో పనిచేస్తున్న టీచర్లు, ఉద్యోగం లేనివాళ్ళు, విశ్వవిద్యాలయ విద్యార్థులు, చివరికి 15 నుంచి 18 ఏళ్ళ స్కూలు పిల్లలు కూడా దరఖాస్తు చేసుకోవచ్చు. రుసుము లేదు, రెండేళ్ళు చెల్లుతుంది. దర్జాగా చెప్పుకోవడానికి దారి ఉన్నప్పుడు చాటుగా ఎందుకు? పర్మిట్ ఉంటే ఫీజు కూడా మొహమాటం లేకుండా అడగొచ్చు.

పిల్లలూ, మీకో పని

మీ అమ్మో, అత్తో, పిన్నో ఈ నెలల్లో ఇంటర్వ్యూకి వెళ్తుంటే మీరు ప్రిన్సిపాల్ అవ్వండి. డైనింగ్ టేబుల్‌కి అవతల కూర్చోండి. కళ్ళజోడు పెట్టుకున్నా పరవాలేదు. మూడు ప్రశ్నలు అడగండి: "మీ క్లాసులో అస్సలు మాట్లాడని పిల్లాడిని ఎలా మాట్లాడిస్తారు? 120 పుస్తకాలు ఎప్పుడు దిద్దుతారు? మీరు ఎంత జీతం అనుకుంటున్నారు?" మూడో ప్రశ్నకి అమ్మ తల దించుకుని "మీ ఇష్టమండీ" అందనుకోండి, గంట కొట్టి మళ్ళీ మొదటి నుంచి అడగండి. తల ఎత్తి, నవ్వుతూ, ఒక అంకె చెప్పేదాకా వదలొద్దు. ఆ అంకె ఎందుకో కూడా చెప్పించండి. మీరు పెద్దయ్యాక మీకూ ఇదే పరీక్ష ఉంటుంది. అప్పుడు అమ్మ ప్రిన్సిపాల్ అవుతుంది.

పాఠం చెప్పడం పుణ్యకార్యమని మన పెద్దలన్నారు. నిజమే. కానీ పుణ్యానికీ, పాస్‌బుక్కుకీ పోటీ లేదు. మన విలువ మనం చెప్పుకోకపోతే ఎదుటివాళ్ళు చెప్పే ధరే మన విలువ అయిపోతుంది. ఈ ఏప్రిల్లో కొత్త స్కూలు గేటు దాటే ప్రతి తెలుగు టీచరమ్మకీ, టీచరుగారికీ నా శుభాకాంక్షలు. వచ్చే సంచికలో ఇంటర్వ్యూ భయం ఉన్న పదో తరగతి పిల్లల గురించి మాట్లాడుకుందాం. అందాకా, బేసిక్ ఎంతో చూసుకుని సంతకం పెట్టండి.